నువ్వైతే ఏమడుగుతవ్?

మా బాపమ్మ కథ చెప్పేటప్పుడు ఆమె చేతులు ఊరికే ఉన్నది నేనెన్నడూ చూడలేదు. కోరుట్లలో మా వాడకట్టు ఆడవాళ్లంతా బీడీలు చుట్టేవాళ్లే. ఒడిలో చేట, చేటలో ఒకపక్క నానబెట్టి మెత్తబరిచిన తునికాకు, ఇంకోపక్క తంబాకు కుప్ప. కత్తెరతో ఆకు కోయడం, చిటికెడు తంబాకు పరచడం, వేళ్ల నడుమ చుట్టడం, దారం కట్టడం, మూతి మడవడం. చూపు చేట మీద, నోరు కథలో. కరెంటు పోయిన రాత్రి కందిలి చుట్టూ మేం పిల్లలం చేరితే, మా కోసమని ఆమె పని ఆపేది కాదు. పనిలోనే కథ నడిచేది. దయ్యం వచ్చే ఘట్టంలో కత్తెర చప్పుడు కూడా కథలో భాగమే.

ఆ దయ్యం కథ తెలుగునేల మీద చాలా ఇళ్లలో తెలిసిందే. ఒకడికి ఒళ్లు వంచకుండా కలిసిరావాలని కోరిక. ఎవరో సన్యాసి కాళ్లు పట్టుకుని మంత్రం సంపాదిస్తాడు. దయ్యం ఎదుట నిలబడుతుంది. "ఏ పని చెప్పినా చేస్త. పని లేదన్ననాడు నిన్నే మింగుత" అంటుంది. వాడికి సంబురం. పనులకేం కొదువ? ఇల్లు కట్టమంటాడు, తిన్న చెయ్యి కడిగేలోపల ఇల్లు లేస్తుంది. బాయి తవ్వమంటాడు, నీళ్లు పైకి వస్తాయి. చెలక దున్నమంటాడు, దున్ని, విత్తి, గెట్టు మీద కూసుంటుంది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి వాడికి అడగడానికి ఏమీ మిగలదు. గుండెలు చేత పట్టుకుని పెండ్లాం దగ్గరికి ఉరుకుతాడు. ఆమె వాకిట్లో పడుకున్న కుక్కను చూపించి, దాని తోక సాపు చేయమని చెప్పమంటుంది. దయ్యం ఇంకా ఆ పనిలోనే ఉంది.

వివేకానందుడు కూడా ఈ కథను కర్మయోగం ఉపన్యాసాల్లో వాడుకున్నాడు. అవి 1896లో పుస్తకంగా వచ్చాయి. లోకాన్ని సరిచేయడమంటే కుక్క తోకను సాపు చేయడమేనని ఆయన దాన్ని వేదాంతం వైపు తిప్పాడు. మా బాపమ్మకు ఆ వైపు ధ్యాస లేదు. ఆమె చూపంతా ఆ మనిషి మీద. ఎన్నాళ్లో ఆశపడి, ఎవరెవరి కాళ్లో పట్టుకుని తెచ్చుకున్న వరం ఒక్క పూటలో ఎట్లా అయిపోయిందో ఆమె చెప్పే తీరు నాకిప్పటికీ గుర్తే. ఆశకు అంతు లేదని అందరూ అంటారు. ఈ కథ దానికి ఎదురు చెప్తుంది. అడుగు అని ఎవరైనా నిజంగా ఎదుట నిలబడితే, మనిషికి పది కోరికలు చెప్పడం కూడా కష్టమే. ఆ పదీ తీరాక మిగిలే ఖాళీయే ఈ కథలో అసలు భయం. మింగే నోరు ఆ తర్వాతది.

ఆమె చేసే పని ఇంకొకటుండేది. దయ్యం వచ్చి నిలబడి "ఏం గావాలె?" అని అడిగిన చోట కథ ఆపి, మా మొహాల వైపు ఒక్కొక్కరినే చూసేది. "ఇగ చెప్పు బిడ్డా, గా దయ్యం నీ ముంగట నిలవడ్డది. నువ్వైతే ఏమడుగుతవ్?" ఒకడు సైకిల్ అనేవాడు, ఒకతి పట్టీలు అనేది. ఎవరేమన్నా ఆమె కాదనేది కాదు. ఒక్కటే అడిగేది: "ఎందుకు?" సైకిల్ ఎందుకు? బడికి పోవడానికా, పక్కింటి పిల్లగాడికి ఉందనా? ఆ రెండో ప్రశ్నకు మేం నీళ్లు నమిలేవాళ్లం. కథకు అసలు తలుపు అక్కడుందని నాకు చాలా ఏండ్ల తర్వాత తెలిసింది.

దయ్యంతో బేరం పెట్టుకున్న మనుషుల కథలు లోకమంతటా ఉన్నాయి. జర్మనీ ఫాస్టస్ కథ 1587లో అచ్చుపుస్తకంగా వచ్చింది. అక్కడ సైతానుతో రక్తంతో రాసిన పత్రం ఉంటుంది, గడువు ఉంటుంది, గడువు తీరాక ఆత్మను పట్టుకుపోవడం ఉంటుంది. ఆ కథల్లో ఉత్కంఠ అంతా పత్రంలోని షరతుల మీద. స్టీవెన్సన్ 1891లో రాసిన సీసా భూతం కథ అయితే లెక్కల కథే. ఆ సీసాను కొన్న ధర కంటే తక్కువకే అమ్మాలి, అది చేతిలో ఉండగా చస్తే నరకం. ధర దిగుతూ దిగుతూ చివరికి వచ్చేసరికి చదివేవాడి గొంతు ఎండిపోతుంది. గొప్ప పనితనం అది. కానీ అక్కడ సైతాను కొనేవాడు, మనిషి అమ్మేవాడు. మన కథల్లో పీట వేరు. మన బేతాళుడు, మన యోగినులు, మన పాతాళదేవతలు ఎవరి ఆత్మా కొనరు. వాళ్లు మనిషిని ఎదుట నిలబెట్టి, వచ్చిన బుద్ధిని తూచి, దానికి తగ్గది చేతిలో పెడతారు.

అందుకే మన కథకుల చేతిలో ఒక పనిముట్టు బాగా పదునెక్కింది. అదే పని ఇద్దరితో చేయించడం. చేతలో తేడా ఉండదు, మాటలో తేడా ఉండదు, బుద్ధిలో మాత్రమే తేడా. ఫలితం తలకిందులవుతుంది.

దీన్ని నేర్చుకోవాలంటే మా ప్రాంతంవాళ్లు దూరం పోనక్కర లేదు. కోరుట్ల నుంచి మెట్‌పల్లి, కమ్మర్‌పల్లి దాటితే నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ వస్తుంది. 15వ శతాబ్దిలో తెలుగులో సింహాసన ద్వాత్రింశిక రాసిన కొరవి గోపరాజుది ఆ ప్రాంతమే. ఆయన చెప్పుకున్న వేముగల్లునే సాహిత్య చరిత్రకారులు భీమ్‌గల్‌గా గుర్తించారు. విక్రమార్కుడి సింహాసనం భోజరాజుకు దొరకడం, మెట్టుకొక బొమ్మ అడ్డుపడి "నీలో ఈ గుణం ఉందా?" అని కథ చెప్పి నిలదీయడం, ముప్ఫై రెండు బొమ్మలు ముప్ఫై రెండు సార్లు ఆపడం అందరికీ తెలుసు. ఆ సింహాసనమే ఒక పరీక్ష. కూర్చోవాలనుకుంటున్నావు సరే, ఎందుకు అని.

ఆ బొమ్మలు చెప్పే కథల్లో ఒకటి ఇట్లా ఉంటుంది. ఒక బ్రాహ్మణుడు ఏండ్ల తరబడి హోమం చేస్తూనే ఉంటాడు. దేవత పలకదు. విక్రమార్కుడు ఆ దారిన వస్తాడు, విషయం తెలుసుకుంటాడు, కత్తి తీసి తన మెడ మీదనే పెట్టుకుంటాడు. దేవత వెంటనే చేయి పట్టుకుంటుంది. రాజు తనకేమీ అడగడు. ఇన్నేండ్లుగా మొక్కుతున్నవాడికి ఎందుకియ్యలేదని అడుగుతాడు. వాడి చేతులు హోమంలో ఉన్నాయి కానీ మనసు నిలకడగా లేదని జవాబు. అయితే వాడు కోరుకున్నది వాడికే ఇయ్యమని రాజు తన వరం ధారపోసి వెళ్లిపోతాడు.

పైకి దానం కథ. నాకు మాత్రం ఇందులో నచ్చేది ఆ బ్రాహ్మణుణ్ణి కథ శిక్షించకపోవడం. వాడు దుర్మార్గుడు కాడు. కోరుకున్నాడు, కష్టపడ్డాడు. మనసు నిలకడ తక్కువైంది అంతే. కథకుడు వాణ్ణి ఎగతాళి చేయకుండా పక్కన ఇంకొకణ్ణి నిలబెట్టి చూపించాడు. తూకానికి రెండో తట్ట పెట్టినట్టు.

ఇంకా లోతుకు పోయే కథ మరొకటి ఉంది. ఒక రాజుకు విక్రమార్కుడంతటి దాత అనిపించుకోవాలని పంతం. దానికి డబ్బు కావాలి. యోగినులతో ఒప్పందం కుదుర్చుకుంటాడు. రోజూ కాగుతున్న పెనంలో దూకాలి. యోగినులు ఆ దేహాన్ని తిని, మళ్లీ బతికించి, బంగారం ఇస్తారు. ఆ బంగారాన్ని అతను తనకోసం దాచుకోడు, పొద్దుగూకేలోపు అంతా పంచేస్తాడు. మరునాడు మళ్లీ పెనం. ఇది తెలిసి విక్రమార్కుడు అతని కంటే ముందు వచ్చి ఆ పెనంలో దూకుతాడు. సంతోషించిన యోగినులు వరమడగమంటే, ఆ రాజు ఇకమీద రోజూ చావనక్కర లేకుండానే అతనికి బంగారం అందేటట్టు చేయమంటాడు.

దురాశ మీద ఇంతకంటే సున్నితమైన కథ నేను చదవలేదు. ఆ రాజు సొమ్ము దాచలేదు, ఎవరి గొంతూ కోయలేదు, పైగా పేదలకు పంచాడు. అయినా ఆ దానం లోపల ఒక లొసుగుంది. ఎవరినో మించాలి. ఆ ఒక్క పంతం కోసం మనిషి రోజూ కాలి, తినబడి, మళ్లీ లేచి వస్తున్నాడు. ఇందులో కథకుడు ఏమీ తేల్చి చెప్పలేదు. పెనాన్ని చూపించాడు, ఆ రాజు ఎవరితో పోటీ పడ్డాడో ఆయన్నే అతని కోసం అందులోకి దింపాడు. ఆశ అంటే డబ్బు మీదే ఉంటుందని అనుకునేవాళ్లు ఈ కథ రెండుసార్లు చదవాలి.

బేతాళ కథలన్నిటినీ చుట్టిన పైకథ సంగతీ ఇదే. చందమామలో శంకర్ గీసిన బొమ్మ మనందరి కళ్లలో ఉంది, భుజం మీద శవం, చేతిలో కత్తి, చీకటి శ్మశానం. కానీ ఆ రాజు అక్కడికి ఎట్లా వచ్చాడో చాలామంది మరిచిపోతారు. ఒక భిక్షువు రోజూ కొలువుకు వచ్చి రాజుకు ఒక పండు ఇచ్చి పోతుంటాడు. ఏమీ అడగడు. ఏండ్లు గడుస్తాయి. ఒకనాడు కోతి ఆ పండు కొరికితే లోపలినుంచి రత్నం పడుతుంది. పాత పండ్లన్నీ పడేసిన గదిలో చూస్తే రత్నాల కుప్ప. అడగకుండా ఇస్తున్నవాడు అన్నిటికంటే పెద్దదే అడుగుతాడని అప్పుడు తెలుస్తుంది. శవాన్ని తెమ్మని రాజును శ్మశానానికి పంపినవాడికి కావాల్సింది రాజు తల. ఎర వేసినవాడు మనిషి, ఆ ఎర సంగతి విప్పి రాజును కాపాడినవాడు బేతాళుడు. భిక్షువు సాష్టాంగపడమని చెప్తే, నాకు రాదు, నువ్వే చేసి చూపించు అనమని బేతాళుడే ఉపాయం చెప్తాడు. భిక్షువు వంగుతాడు, కత్తి దిగుతుంది. ఆశపోతుకు తన పని తొందర తప్ప ఇంకేమీ కనపడదన్న సంగతిని ఒక్క వంగుడులో చూపించిన కథ ఇది.

1951లో విజయా వాళ్ల పాతాళభైరవి సినిమాలో ఇదే కీలు మళ్లీ తిరిగింది. నేపాళ మాంత్రికుడు బలికి తెచ్చుకున్న తోటరాముడి చేతిలోనే బలి అయ్యాడు. కె.వి. రెడ్డి, పింగళి నాగేంద్రరావు అందులో చేసిన మంచి పని ఒకటుంది. రాముడికీ డబ్బు కావాలి. రాకుమారిని ఇయ్యాలంటే తమతో సమానమైన సంపద తెమ్మని రాజు అన్నాడు. మాంత్రికుడికీ అదే గుహ, అదే దేవత, అదే బలి. ఇద్దరి ఆశల మధ్య గీత ఎక్కడుందో చూసేవాళ్లే పోల్చుకోవాలి. ఎస్వీ రంగారావు మాంత్రికుడి పాత్రను అంత ఇష్టంగా చేయడం వల్లనే ఆ పోలిక మనసులో నిలబడింది.

బేతాళ కథలు మనకు 11వ శతాబ్దిలో సోమదేవుడు కశ్మీరంలో రాసిన కథాసరిత్సాగరంలో దొరుకుతాయి. దాని వెనుక గుణాఢ్యుడి బృహత్కథ ఉందంటారు. శాతవాహన రాజు కొలువులో గుణాఢ్యుడు పందెం కాసి ఓడి, సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ విడిచి, అడవిలో పిశాచాల భాష నేర్చుకుని, సిరా లేక తన నెత్తురుతో ఏడు లక్షల శ్లోకాలు రాశాడని ఐతిహ్యం. రాజు కాదంటే ఒక్కో ఆకూ మృగాలకు చదివి వినిపించి నిప్పులో వేశాడట. ఆరు లక్షలు కాలిపోయాయి. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. శాతవాహనుల తొలి రాజు సిముకుడి నాణేలు బయటపడ్డ చోటు. ఆ ఇసుకలో నడిచినప్పుడల్లా నాకు ఆ నాణేల కంటే ముందు ఆ కాలిన ఆకులే గుర్తొస్తాయి.

కోటిలింగాల నుంచి గోదావరి వెంట ఎగువకు పోతే ధర్మపురి. అక్కడ నరసింహస్వామి ఉన్నాడు, ఆ ఆవరణలోనే యమధర్మరాజుకూ గుడి ఉంది. ఈ ఇద్దరి దగ్గరా బేరం కథలున్నాయి. హిరణ్యకశిపుడి కథలో ఫాస్టస్ తలకిందులైనట్టుంటుంది. ఇక్కడ అడిగేవాడే రాక్షసుడు, ఇచ్చేవాడు దేవుడు. పగలొద్దు, రాత్రొద్దు, లోపలొద్దు, బయటొద్దు, మనిషొద్దు, మృగమొద్దు. పట్వారీ దస్తావేజులా అన్ని సందులూ మూసుకున్నాననుకున్నాడు. గడప ఒకటి ఉందని మరిచాడు. యముడి దగ్గరిది మార్కండేయుడి కథ. మృకండుడికి శివుడు రెండు దారులు చూపించాడు, గుణం లేని, దీర్ఘాయుష్షు ఉన్న కొడుకు కావాలా, గుణవంతుడైన పదహారేండ్ల కొడుకు కావాలా. మృకండుడు రెండోది కోరాడు. ఒకడు చావు రాకుండా షరతులు రాసుకుని చచ్చాడు, ఇంకొకడు కొడుకు చావును తెలిసే ఒప్పుకున్నాడు, ఆ కొడుకు చావలేదు. సిరిసిల్లలో, కోరుట్లలో పద్మశాలీల వాడల్లో మార్కండేయుడి గుళ్లుంటాయి. వాళ్లు తమ మూలపురుషుణ్ణి అట్లా ఎంచుకున్నారు.

ఇప్పుడు కష్టమైన మాటకు రావాలి. ఈ కథలు చెప్పుకున్న నేల మీదనే దయ్యాల పేరుతో నెత్తురు పారింది. పాత గుళ్ల దగ్గర, గడీల దగ్గర గుప్తనిధుల కోసం తవ్విన గుంతలు మా ప్రాంతంలో ఎవరినడిగినా చూపిస్తారు. లంకెబిందెలకు కాపలా ఉన్న భూతం తొలిచూలు బిడ్డను అడుగుతుందని చిన్నప్పుడు మేమూ విన్నాం. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే సర్కారుకు చెప్పాలని 1878 నాటి చట్టం ఉంది, కానీ రాత్రిపూట తవ్వేవాడికి చట్టం కంటే మాంత్రికుడే దగ్గర. అంతకంటే ఘోరం, 2022 జనవరిలో జగిత్యాల పట్టణంలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపారు.

ఆ వార్త చదివిన రోజు నేను దయ్యం కథలను వెనకేసుకు రాగలనా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. రాగలననే అనుకుంటున్నాను. మూఢనమ్మకం వేలు పక్కింటివైపు చూపిస్తుంది. నా కీడుకు వాడే కారణమంటుంది. కథ వేలు వినేవాడివైపు తిరుగుతుంది. నువ్వు ఏమడిగావు, ఎందుకడిగావు అంటుంది. లంకెబిందెల కథను సరిగ్గా చెప్పేవాళ్ల నోట బిడ్డను బలిచ్చినవాడికి బిందెలో బొగ్గులే దొరుకుతాయి. ఆ బొగ్గులను మరిచి బిందె ఒక్కటే గుర్తుపెట్టుకున్నవాడు కథ విననట్టే లెక్క.

ఇంకో అన్యాయం కూడా ఉంది. అప్పులపాలైనవాళ్లను చూసి అత్యాశకు పోయారని తేలిగ్గా అనేయడం. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. పన్నెండు గంటల షిఫ్టులో నడుమ నిలబడి, ఈ సాంచా నుంచి ఆ సాంచాకు తిరుగుతూ, తెగిన పోగు అతికిస్తూ నడిచే మనిషిని ఒక రాత్రి దగ్గరుండి చూడండి. చప్పుడుకు పక్కవాడి మాట వినపడదు. కనురెప్పల మీద దూది నూగు. బీము అయిపోతే ఇంకో బీము ఎక్కించాలి, లేకుంటే కూలి లేదు. మిత్తి మాత్రం ఆగదు. పని చెప్పకపోతే మింగుతానన్న మా బాపమ్మ దయ్యం నాకు అక్కడ కనిపించింది. అయితే ఈ మనిషి ఆ దయ్యాన్ని మంత్రం వేసి పిలుచుకోలేదు. 1990ల చివరినుంచి సిరిసిల్లలో వరసగా ఉరితాళ్లకు వేలాడిన నేతకార్మికులు బంగ్లాలు కోరుకున్నవాళ్లు కారు. బిడ్డ పెండ్లికి, దవాఖాన ఖర్చుకు, నూలుకు అప్పు తెచ్చినవాళ్లు.

టాల్‌స్టాయ్ 1886లో రాసిన కథలో పాహోమ్ అనే రైతు, భూమి చాలినంత ఉంటే సైతానుకు కూడా భయపడనంటాడు. పొయ్యి వెనక కూర్చున్న సైతాను ఆ మాట వింటాడు. చివరికి పొద్దుగూకేలోపు చుట్టి వచ్చినంత భూమి నీదేనన్న బేరంలో వాడు పరుగెత్తి పరుగెత్తి చస్తాడు. ఆ కథను నేను ప్రేమిస్తాను. కానీ దాన్ని గుంట భూమి లేనివాడికి చదివి వినిపించడం నాకు సమ్మతం కాదు. మన పాత కథకులకు ఈ తేడా తెలుసు. మన కథల్లో ఆకలితో అడిగినవాణ్ణి దయ్యం మింగదు, చూసి జాలిపడి మూటకట్టి ఇస్తుంది. ఆ మూట చూసి, ఇంట్లో అన్నీ ఉండి, అదే చెట్టుకిందికి అదే వేళకు పోయి, అవే మాటలు వల్లించినవాడికి వీపు పగులుతుంది. అవసరానికీ అత్యాశకూ మధ్య గీతను వాళ్లు ఉపన్యాసంతో గీయలేదు. ఒకే చెట్టుకిందికి ఇద్దరిని పంపి గీశారు. పిల్లలకు కూడా అర్థమయ్యే పద్ధతి అది. దాన్ని బడిపుస్తకంలో కట్టె విరిచినట్టు నీతివాక్యంగా మార్చి చెప్పినప్పుడు నాకు కోపమొస్తుంది. నీతి ముందే చెప్పేస్తే రెండోవాణ్ణి చెట్టుకిందికి పంపడం దేనికి?

ఎప్పుడు ఆపాలో తెలిసినవాడి నోట్లోనే ఈ కథలు బతుకుతాయి. బేతాళుడు ప్రశ్న వేసి ఆగుతాడు, బొమ్మ అడ్డుపడి ఆగుతుంది, బాపమ్మ దయ్యాన్ని ఎదుట నిలబెట్టి ఆగుతుంది. ఆ ఆగినచోట వినేవాడి బుద్ధి బయటపడుతుంది.

ఒక రాత్రి మాతో పాటు పక్కింటి పిల్ల కూడా వచ్చి కూర్చుంది. వాళ్ల బాపు దుబాయి పోయి మూడేండ్లు. మా వాడలో అట్లాంటి ఇండ్లు చాలానే ఉండేవి. వరస మా దగ్గరినుంచి తిరిగి ఆ పిల్ల దగ్గరికొచ్చింది.

"నువ్వైతే ఏమడుగుతవ్ బిడ్డా?"

"మా బాపును తెమ్మంట."

మేమంతా బాపమ్మ ఎందుకు అంటుందని చూశాం. ఆమె అనలేదు. కత్తెర ఆకు మీద సగం కోతలో ఆగిపోయింది. కొంతసేపటికి చేట పక్కకు జరిపి, ఆ పిల్లను ఒళ్లోకి తీసుకుంది. ఆమె ఒడిలో చేట లేకుండా చూడడం నాకదే మొదటిసారి. దయ్యం ఆ రాత్రి అట్లనే నిలబడి ఉంది, కుక్క తోక దాకా కథ పోలేదు.